సముద్రం దాచుకున్న వేడి
(కావలిలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

పిల్లలూ, ముందు ఈ రెండు బెలూన్లు చూడండి. ఒకదాంట్లో గాలి ఊదాను, రెండోదాంట్లో గ్లాసుడు నీళ్లు పోశాను. గాలి బెలూన్ కింద కొవ్వొత్తి పెడితే... ఠప్! వెనక బెంచీల్లో కునుకు తీస్తున్నవాళ్లూ లేచారు, సంతోషం. ఇప్పుడు నీళ్ల బెలూన్. అడుగున మసి పట్టిందే గాని పేలలేదు. రబ్బరుకు తగిలిన వేడిని నీళ్లు ఎప్పటికప్పుడు లాగేసుకుంటున్నాయి.

మన సముద్రం పనీ ఇదే. బొగ్గు, పెట్రోలు తగలబెట్టి మనం వదిలిన వాయువుల వల్ల భూమి మీద అదనంగా చిక్కుకున్న వేడిలో దాదాపు 90 శాతం సముద్రంలోకే పోతోంది. గాలి వంతుకు వచ్చేది చిల్లర. ఆ చిల్లరకే మనం ఇలా ఉడికిపోతున్నాం.

సముద్రం సగటు వేడి ఎంత? మైపాడులో కాళ్లు తడుపుకున్నవాళ్లు 28, 30 డిగ్రీలంటారు. పైపైన నిజమే. అడుగుదాకా కలిపి లెక్కేస్తే మాత్రం ప్రపంచ సముద్రాల సగటు 4 డిగ్రీలకు లోపే, మీ ఇంటి ఫ్రిజ్‌లో ఉన్నంత. ఇక్కడ నా బెలూన్ కొంచెం అబద్ధం చెప్పింది. దాన్ని నేను కింద నుంచి కాల్చాను, సముద్రాన్ని ఎండ పైనుంచి కాలుస్తుంది. వేడి నీళ్లు తేలిక కదా, పైనే ఉండిపోతాయి. వాతావరణంతో ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ ఆ పై పొరవే. ధ్రువాల వైపు నీళ్లు వదిలేసి తక్కినచోట్ల పై పొర సగటు తీస్తే, 2024 మొదట్లో అది 21 డిగ్రీలు దాటింది. డిగ్రీలో ఏ కొంచెమో పెరిగితే ఏమైందిలే అనుకోకండి. మొత్తం వాతావరణంలో ఎంత వేడి పడుతుందో, పైనున్న రెండు నిలువుల నీళ్లలోనే అంత పడుతుంది.

ఆ వేడి ఊరికే కూర్చోదు. 1989 నవంబరులో మన కావలి దగ్గర తీరం దాటిన తుపాను గురించి ఇంట్లో పెద్దవాళ్లనడగండి. అది పుట్టింది థాయిలాండ్ సింధుశాఖలో. మలయా ద్వీపకల్పం నేల మీద నడిచేటప్పుడు నీరసించింది. ఇవతల మళ్లీ వెచ్చటి నీళ్లు తగిలేసరికి రాక్షసి అయింది. తుపానుకు మేత ఆవిరి. నీళ్లు కనీసం 26.5 డిగ్రీలుంటే గాని అది బలపడదు.

మామూలుగా తుపాను సముద్రాన్ని కవ్వంలా చిలికి కింది చల్లనీళ్లు పైకి తెస్తుంది, దాంతో తన మేత తనే చెడగొట్టుకుంటుంది. మన బంగాళాఖాతంలో ఆ సదుపాయం తక్కువ. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి తెచ్చిన మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద మూతలా పరుచుకుంటాయి. ఎంత చిలికినా కింది చల్లదనం సులువుగా పైకి రాదు.

ఇదంతా కొలిచేవి ఆర్గో తేలియాడే గొట్టాలు. ప్రపంచమంతా కలిపి 4,000 దాకా ఉన్నాయి. ఒక్కోటి 2,000 మీటర్ల లోతుకు మునిగి, పది రోజులకోసారి లెక్కలు రాసుకుంటూ తేలి, ఉపగ్రహానికి చెప్పి మళ్లీ మునుగుతుంది. మన దేశం వదిలిన గొట్టాల లెక్కలు హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌కి చేరతాయి. అవి అందరికీ ఉచితమే, మీ ఫోన్లోనూ చూడొచ్చు. ఎవరైనా వచ్చి ఈ నీళ్ల బెలూన్ పట్టుకోండి, నా చెయ్యి లాగుతోంది.