ఇంటి పెద్దలను ఫోటోకు సిద్ధం చేయడం

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం. చెన్నైలో ముప్పై ఏళ్లకు పైగా స్టూడియో నడుపుతున్నాను కనుక, మంచి ఫోటో దిగడానికి ఎలా సిద్ధపడాలో చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు. ఈ సాయంత్రం నేను ముఖ్యంగా మన ఇళ్లలోని పెద్దవాళ్ల గురించి మాట్లాడతాను. పదకొండో రోజుకు పటం కావాలంటూ ఎప్పటిదో పెళ్లి గ్రూపు ఫోటో తెచ్చి, మూడో వరుసలో ఎవరి భుజం వెనుకనో సగం కనిపిస్తున్న తల్లిని వేరుచేసి పెద్దది చేయమని అడిగే పిల్లలను నేను ఏటా చూస్తున్నాను. ఆ ముఖం అందులో చిటికెనవేలి గోరంత ఉంటుంది. ఎంత నేర్పుతో పెద్దది చేసినా కళ్లు కళ్లుగా రావు. అరగంట కూర్చోబెట్టి తీయగలిగిన కాలమంతా గడిచిపోయాక ఆ పని చేయడం నాకు చాలా కష్టంగా ఉంటుంది.

మొదట నేను చేసిన ఒక తప్పు చెబుతాను. ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలిని ఆమె కుమారులు తీసుకువచ్చి, అద్దాల్లో లైటు మెరుస్తోందని కళ్లజోడు తీయించారు. నాకూ పని సులువవుతుందని ఒప్పుకున్నాను. ఫోటో శుభ్రంగా వచ్చింది. వారం తరువాత ఫోను చేసి, మనవరాలు ఆ పటం చూసి ఇది మామ్మ కాదంటోందని చెప్పారు. నలభై ఏళ్లుగా కళ్లజోడుతో ఉన్న ముఖం అది లేకుండా మరొకరి ముఖమైపోయింది. అప్పటి నుండి నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఈ ఫోటోను చూసేవారు వీరిని రోజూ ఎలా చూస్తున్నారు? సిద్ధపాటు అంతా ఆ జవాబు నుండే మొదలుకావాలి.

కళ్లజోడు ఉంచే తీయాలి. కాడలను చెవుల మీద నుండి కొద్దిగా పైకి లేపితే అద్దాలు కిందికి వాలి మెరుపు తప్పిపోతుంది. లైటును పైకి జరపడం ఫోటోగ్రాఫర్ పని. ఎండలో నల్లబడే అద్దాలైతే, బయటి నుండి వచ్చిన వెంటనే తీయకూడదు. అవి తేటపడడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అమెరికా వీసా ఫోటోలో మాత్రం 2016 నవంబరు నుండి కళ్లజోడు కూడదు కాబట్టి, పిల్లల దగ్గరకు వెళ్లే పెద్దలు ఆ ఫోటోనే పటానికీ వాడేద్దామని అనుకోకండి. రెండూ వేరువేరుగా తీయించండి. కట్టుడు పళ్లు, వినికిడి యంత్రం కూడా ఉండవలసిందే. పళ్లు లేకపోతే దవడ లోపలికి పోతుంది. వినబడకపోతే మనిషి మనతో ఉండరు.

బట్టల విషయంలో మన ఇళ్లలో తొందరపాటు ఎక్కువ. ఫోటో అనగానే పెట్టెలోంచి కంచిపట్టు తీస్తారు. ఏళ్ల తరబడి మడతలో ఉన్న గీతలు ఇస్త్రీకి కూడా పోవు, జరీ ఫ్లాష్‌కు తెల్లగా మెరిసి చూపును ముఖం నుండి లాగేస్తుంది, పైగా ఆ బరువుకు ఆమె భుజాలు బిగుసుకుంటాయి. తరచూ కట్టే మెత్తటి నేతచీర, ముదురుగానూ మరీ లేతగానూ కాని రంగు, ఆమె చేతులతోనే పెట్టుకున్న బొట్టు చాలు. మగవారికి సన్నగళ్ల చొక్కా వద్దు. డిజిటల్ కెమెరాలో ఆ గళ్ల మీద, బట్టలో అసలు లేని గీతలు అలలు అలలుగా తేలుతాయి. ఉద్యోగాల కోసం ఫోటో దిగే యువతకూ ఇదే వర్తిస్తుంది. వారు క్షవరం ఒక వారం ముందుగా చేయించుకుని, ముందు రాత్రి నిద్రపోతే చాలు.

చాయ పెంచమని అడగకండి. ఫిల్ము రోజుల్లో నెగటివ్ మీద పెన్సిల్‌తో దిద్ది ముఖాన్ని తెల్లబరచేవారు, ఇప్పుడు కంప్యూటరులో క్షణంలో అయిపోతుంది. ముడతలు తుడిచి, రంగు మార్చి ఇచ్చిన పటంలో మనవాళ్లు మిగలరని నా గట్టి నమ్మకం.

ఇది 1856లోనే ఫోటోగ్రాఫర్ల సంఘం ఏర్పడిన నగరం. ఆ కాలంలో ఒక్క చిత్రానికి సెకన్ల తరబడి కదలకుండా కూర్చోవలసి వచ్చేది. తల కదలకుండా వెనుక ఇనుప ఆధారం నిలబెట్టేవారు. ఇప్పుడు రెప్పపాటు కూడా పట్టదు. అయినా మన పెద్దవాళ్లు కెమెరా చూడగానే ఊపిరి బిగబట్టి, మోకాళ్ల మీద చేతులు పెట్టి, శిలలా అయిపోతారు. దీనికి మందు సమయమే. చెన్నై ఉక్కలో చెమటతో దిగిన మనిషిని వెంటనే కూర్చోబెట్టవద్దు. అరగంట ముందుగా వచ్చి, ఫ్యాను కింద మంచినీళ్లు తాగి, చెమటను రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి. స్టూడియో మేడ మీద ఉందేమో, మెట్లు ఎన్నో ముందే ఫోనులో కనుక్కోండి. మెట్లెక్కిన ఆయాసం ఫోటోలో తెలుస్తుంది.

ఇంకొక మాట. ఈ నగరంలో ఫోటోగ్రాఫర్ తమిళంలో మాట్లాడతాడు. ఇక్కడే యాభై ఏళ్లు కాపురం చేసిన మన అమ్మమ్మకు ఆ భాష బాగానే వస్తుంది, కానీ ఆమె ముఖం విప్పారేది తెలుగులో పలకరించినప్పుడే. కాబట్టి ఇంటివారు ఒకరు కెమెరా పక్కనే నిలబడి, ఆవకాయ ఎప్పుడు కలపాలో, చిన్నప్పటి ఊరిలో చెరువు ఎక్కడుండేదో అడగాలి. నవ్వమని మాత్రం అడగవద్దు.

స్టూడియోకు రాలేనివారికి ఇంట్లోనే తీయించండి. ఏప్రిల్ చివరి వారంలోనూ ఆగస్టు మధ్యలోనూ చెన్నైలో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. ఆ వెలుగులో కళ్లు గుంటల్లా కనిపిస్తాయి. ఉదయం ఎనిమిదిలోపు, వరండాలో ఎండ గీతకు రెండడుగులు లోపల కుర్చీ వేస్తే చాలు.

చివరగా ఎంపిక. మనం రోజూ అద్దంలో చూసుకునేది తిరగబడిన ముఖం. 1977లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధనలో మనుషులు తమ అద్దపు ప్రతిబింబాన్ని, వారి స్నేహితులు అసలు ఫోటోను ఇష్టపడడం ఎక్కువగా కనిపించింది. అందుకే అమ్మ "ఇది నాలా లేదు" అన్నంత మాత్రాన ఆ ఫోటోను తీసేయకండి. ఆమెకు నచ్చినది ఒకటి, మీకు నచ్చినది ఒకటి, రెండూ కాగితం మీద వేయించండి. వెనుక అంచున మెత్తగా ఆమె పేరు, ఊరు, సంవత్సరం రాయండి. బాల్‌పెన్‌తో ముఖం వెనుక ఒత్తి రాస్తే ఆ గీత ముందువైపుకు తేలుతుంది.