కూతురేమో అమెరికా పౌరురాలు, జీడితోట కవిటిలో

(తెర మీద: ఉద్దానంలో జీడితోట. చెట్టు కింద నులకమంచం, దాని మీద గుడ్డసంచి.)

ఈ సంచి మా పెదనాన్నది. ఇందులో పట్టాదారు పాస్‌పుస్తకం, పాత దస్తావేజు, శిస్తు రసీదులు ఉన్నాయి. కవిటి దగ్గర రెండెకరాల జీడితోట, ఆయన సొంతార్జితం. మా అక్క అమెరికా పౌరసత్వం తీసుకుంది, విదేశీ పౌరులైన భారత మూలాలవాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉంది. "నేనుండగానే పిల్ల పేరున గిఫ్ట్ రాసేస్తే నిశ్చింత" అని పెదనాన్న స్టాంపు పేపర్ల దాకా వెళ్లిపోయాడు. ఆగమని బతిమాలాను.

విదేశీ మారకానికి సంబంధించిన ఫెమా చట్టం కింద 2019లో వచ్చిన నిబంధనల ప్రకారం, ఓసీఐ ఉన్నవాళ్లు విజయనగరంలో ఫ్లాట్ కొనొచ్చు, శ్రీకాకుళంలో షాపు కొనొచ్చు. రిజర్వ్ బ్యాంకు అనుమతి అక్కర్లేదు. పొలం, తోట, ఫామ్‌హౌస్ మాత్రం కొనకూడదు, గిఫ్ట్‌గానూ తీసుకోకూడదు. వారసత్వంగా వస్తే తీసుకోవచ్చు.

అంటే పెదనాన్నకి దారి వీలునామా. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, చేయించమనే చెబుతాను. రేపు పాస్‌పుస్తకంలో పేరు మార్చేటప్పుడు దాయాదులు అడ్డం తిరిగితే అదే ఆదుకుంటుంది. అక్క ఆ తోట అమ్మాలంటే ఇక్కడ ఉండే భారత పౌరుడికే అమ్మాలి. పన్ను కట్టాక, విదేశాల్లో ఉండేవాళ్ల ఇక్కడి ఆదాయం జమయ్యే ఎన్‌ఆర్‌ఓ బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా తీసుకెళ్లొచ్చు.

బావ అమెరికావాడే, ఓసీఐ లేదు. పెళ్లి రిజిస్టరై రెండేళ్లు నిండితే అక్కతో కలిసి జాయింటుగా ఒక ఇల్లు కొనొచ్చు. పొలం కాదు.

(తెర మీద: అడంగల్ అనే రెవెన్యూ రికార్డు కాపీ, దగ్గరగా.)

సోంపేట, ఇచ్ఛాపురం నుంచి గల్ఫ్ వెళ్లిన అన్నలూ, ఇది మీరూ వినాలి. పాస్‌పోర్టు ఇండియాదే కదా అనుకుంటారు. ఉద్యోగానికి వెళ్లి అక్కడ ఉంటున్నారు కాబట్టి మీరు ఎన్నారైలే, మీకూ పొలం కొనే వీల్లేదు. రాళ్లు పాతి ప్లాట్లంటున్నారని నమ్మి అడ్వాన్స్ ఇవ్వకండి. రెవెన్యూ రికార్డులో ఇంకా మెట్ట అనో పల్లం అనో ఉంటే అది పొలమే. ముందు అడంగల్ చూపించమనండి. తప్పు జరిగితే ఆ సొమ్ముకి మూడు రెట్ల దాకా జరిమానా పడొచ్చు. ఎండలో నిలబడి సంపాదించిన డబ్బు అది. ఇళ్ల స్థలం కొన్నా నోట్లు చేతికివ్వకండి, బ్యాంకు ఖాతా నుంచే కట్టండి.

పెదనాన్న వీలునామా రాయించేశాడు. సాక్షులు ఇద్దరు కావాలి, తోటలో వాటా వచ్చేవాళ్లు కాకుంటే మంచిది. ఒక సంతకం నాది.