సింహాచలం గిరి ప్రదక్షిణ: నడక సూపర్, బస మాత్రం ముందే చూసుకోండి

అందరికీ నమస్తే. విశాఖపట్నంలో సింహాచలం గిరి ప్రదక్షిణకి, అంటే కొండ చుట్టూ నడకకి, ఎవరైనా రమ్మంటే 32 కిలోమీటర్లా అని భయపడకండి, రాత్రికి ఎక్కడ పడుకుంటామో అది అడగండి ముందు. జనంతో కలిసి ఎలాగోలా నడిచేస్తాం, నడిచాక నడుం వాల్చడానికి చోటు దొరకడమే అసలు టెన్షన్.

ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరతారు. సింహాద్రి అప్పన్న స్వామి రథం కదిలేది మధ్యాహ్నం, జనం మాత్రం పొద్దున్నుంచే నడుస్తుంటారు. నన్నడిగితే ఎండ తగ్గాకే మొదలుపెట్టండి, చెప్పుల్లేకుండా తారురోడ్డు మీద నడవాలి మరి.

అడవివరం, ముడసర్లోవ వైపు చల్లగా హాయిగా ఉంటుంది. హనుమంతవాక, విశాలాక్షినగర్ దాటి జోడుగుళ్ళపాలెం దిగితే సముద్రమే. అప్పూఘర్ దగ్గర చాలామంది స్నానం చేస్తారు, చేయండి, కానీ నానిన అరికాలు మెత్తబడిపోతుంది, వేళ్ళ సందుల్లో ఇసుక ఉండిపోతుంది, అలాగే రోడ్డెక్కారంటే వెంకోజీపాలెం చేరకుండానే బొబ్బలు. ఒక బాటిల్ మంచినీళ్ళు, పాత తువ్వాలు సంచిలో పెట్టుకోండి, కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు తుడిచి, పూర్తిగా ఆరాకే లేవండి. నా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ అరికాళ్ళకి తీరిగ్గా కొబ్బరినూనె రాసుకుంటూ, "అంత తొందరేంటి బాబూ, అప్పన్న ఎక్కడికీ పోడు" అంది.

తిండికి లోటు లేదు. పులిహోర, మజ్జిగ, అరటిపళ్ళు, వద్దన్నా చేతిలో పెట్టేస్తారు. అలాగని అన్ని చోట్లా తింటే కైలాసపురం దగ్గరికొచ్చేసరికి కడుపు మొరాయిస్తుంది. తాగేసిన గ్లాసులు మాత్రం దయచేసి రోడ్డు మీద పడేయకండి, వెనకాల వచ్చేవాళ్ళవీ ఉత్త కాళ్ళే.

మాధవధార, మురళీనగర్ దాటాక గోవింద నామాలు కూడా తగ్గిపోతాయి, ఎవరి అడుగులు వాళ్ళవి. బుచ్చిరాజుపాలెం నుంచి ప్రహ్లాదపురం వరకూ ఎంత నడిచినా తరగదనిపిస్తుంది.

ఇక బస. ఫోన్‌లో ఏసీ గది అన్నారు, తెల్లవారుజామున కుంటుకుంటూ వెళ్తే తాళం తీసే మనిషి లేడు, లేపి అడిగితే రేటు రెట్టింపు, పైగా గది మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు! పేరు చెప్పను గానీ, మీరు బుక్ చేసేటప్పుడు ఏసీ కంటే ముందు కింది అంతస్తు గది ఉందా, బాత్రూమ్ వెస్ట్రనా అని అడగండి. అంత దూరం నడిచొచ్చాక కింద కూర్చుంటే మళ్ళీ లేవలేరు, నవ్వకండి, నిజం. ఆ రెండు రోజులూ కొండ పక్కనే గది కావాలని పట్టుబట్టకుండా, ఊళ్ళో ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు తీసుకుంటే నయం.

మర్నాడు పౌర్ణమి, స్వామికి ఆఖరి విడత మూడు మణుగుల (మణుగు అంటే పాతకాలపు తూకం) చందనం సమర్పించే రోజు, క్యూ గట్టిగా ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే 32 కిలోమీటర్లు నడిపించకండి, నడవలేనివాళ్ళు కొండ మీద గుడి చుట్టూనే ప్రదక్షిణ చేస్తారు, వాళ్ళని బస్సులో అక్కడికి తీసుకెళ్ళండి. మంచి గది ఎక్కడైనా తెలిస్తే కింద కామెంట్లో పెట్టండి, రేటుతో సహా.