ప్రజాభిప్రాయ సేకరణకు ముందున్న 30 రోజులు

అందరికీ నమస్కారం.

ఒక గనో, సిమెంటు ఫ్యాక్టరీయో, థర్మల్ కేంద్రమో వస్తోందన్న సంగతి చాలా ఊళ్లకు ప్రజాభిప్రాయ సేకరణ రోజునే తెలుస్తుంది. షామియానా, పోలీసు బందోబస్తు, బస్సుల్లో దిగే జనం, మైకు కోసం తోపులాట. సాయంత్రానికి సభ ముగుస్తుంది. కొన్ని నెలలకు పర్యావరణ అనుమతి వచ్చిందని పేపర్లో చదువుతాం. అంతమంది వద్దన్నా ఎలా ఇచ్చారని మండిపడతాం. ఎలా ఇచ్చారో అర్థం కావాలంటే చట్టం ఆ సభకు ఏ పని అప్పగించిందో తెలియాలి. ఈ రోజు ముఖ్యంగా దాని గురించే మాట్లాడతాను.

నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. పర్యావరణ నిర్ణయాల్లో ప్రజలకు సమాచారం అందాలి, పాల్గొనే అవకాశం ఉండాలి, అన్యాయం జరిగితే న్యాయస్థానం తలుపు తట్టే దారి ఉండాలి అని 1992లో రియో ప్రకటన పదో సూత్రం చెప్పింది. డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో 1998లో కుదిరిన ఒప్పందం ఈ మూడింటినీ కట్టుబడి తీరాల్సిన హక్కులుగా మార్చింది. లాటిన్ అమెరికా, కరేబియన్ దేశాలు 2018లో ఎస్కాజు ఒప్పందం చేసుకున్నాయి. ఈ రెండింటిలోనూ భారతదేశం లేదు. కానీ మనకు సొంత చట్టాలున్నాయి: సమాచారానికి 2005 నాటి సమాచార హక్కు చట్టం, పాల్గొనడానికి 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్, న్యాయానికి 2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం. చిక్కంతా వీటి గడువులు ఒకదానితో ఒకటి పొసగకపోవడంలో ఉంది.

ముందు ఒక అపోహ తొలగాలి. ప్రజాభిప్రాయ సేకరణ ఓటింగ్ కాదు. దానికి కోరం లేదు. పది మంది వచ్చినా, పది వేల మంది వచ్చినా సభ చెల్లుతుంది. చేతులు లెక్కపెట్టి నిర్ణయం తీసుకోరు. ఒడిశాలోని నియమగిరిలో జరిగింది వేరు. అక్కడ 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో, అటవీ హక్కుల చట్టం కింద 12 గ్రామసభలు కూర్చుని బాక్సైట్ గని వద్దని తీర్మానించాయి. ఈఐఏ కింద జరిగే సభకు ఆ బలం లేదు. దాని పనల్లా అభ్యంతరాలను రికార్డులోకి ఎక్కించడం. అనుమతి మీద సిఫారసు చేసే నిపుణుల కమిటీ ఆ రికార్డునే చూస్తుంది, రేపు ట్రిబ్యునల్ కూడా దాన్నే చూస్తుంది. "మా ఊరికి ఫ్యాక్టరీ వద్దు" అన్నది అందులో ఒక వాక్యమవుతుంది. "నివేదికలో ఫలానా పేజీలో చెరువు లేదని రాశారు, సర్వే నంబరుతో సహా ఇదిగో చెరువు" అన్నది జవాబు చెప్పక తప్పని అభ్యంతరమవుతుంది.

అలాంటి అభ్యంతరం రాయాలంటే, ప్రాజెక్టు వల్ల పర్యావరణం మీద పడే ప్రభావాన్ని వివరించే ఈఐఏ నివేదిక చదవాలి. అందుకు నోటిఫికేషన్ ఇచ్చిన కనీస వ్యవధి 30 రోజులు. ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన వేయాలి. పత్రికలు చేరని చోట దండోరా వేయించాలి, రేడియోలోనో టీవీలోనో చెప్పించాలి. ముసాయిదా ఈఐఏ నివేదికను కలెక్టర్ కార్యాలయం, జిల్లా పరిషత్, జిల్లా పరిశ్రమల కేంద్రం, సంబంధిత స్థానిక సంస్థల వంటి చోట్ల పనివేళల్లో ఎవరైనా చూసేలా ఉంచాలి. దాని సారాంశం ఇంగ్లీషుతో పాటు స్థానిక భాషలోనూ ఉండాలి.

సరిగ్గా ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ప్రకటన చూడగానే నివేదిక కోసం సమాచార హక్కు దరఖాస్తు పెడతారు. ఆ చట్టం కింద జవాబుకు గడువు కూడా 30 రోజులే. జవాబు వచ్చేసరికి సభ అయిపోయి ఉంటుంది. అది ఆలస్యం కూడా కాదు, అధికారి గడువులోపే ఇచ్చినట్టు లెక్క. అందుకని ముసాయిదా నివేదిక కోసం సమాచార హక్కు దారి పట్టకండి. రాతపూర్వకంగా అడిగితే సభ జరిగే రోజు దాకా కార్యాలయంలో చూసుకునే అవకాశం ఇవ్వాలని నోటిఫికేషనే చెబుతోంది. రెండు కాపీలతో అర్జీ రాసి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. నివేదిక ఇంకా రాలేదని ఆఫీసులో చెబితే ఆ మాటే అర్జీ మీద రాయించుకోండి, రాయనంటే అదే రోజు కలెక్టర్‌కూ కాలుష్య నియంత్రణ మండలికీ స్పీడ్ పోస్టులో ఫిర్యాదు పంపండి. 30 రోజులూ నివేదిక అందుబాటులో లేదన్నది అనుమతిని కోర్టులో నిలదీయగల బలమైన కారణం. అయితే దానికి ఆ రోజుల్లోనే పుట్టిన కాగితం కావాలి. తరవాత ప్రమాణపత్రాల్లో చెప్పుకుంటే అంత బరువుండదు.

సమాచార హక్కును వాడాల్సింది అంతకు చాలా ముందు. ప్రాజెక్టు కోరేవాళ్లు మొదట అధ్యయనానికి విధివిధానాల పత్రం తీసుకోవాలి. ఆ ఉత్తర్వు కేంద్రం నడిపే పరివేష్ పోర్టల్‌లో కనిపిస్తుంది. ఆ తరవాత గాలి, నీరు, నేల, శబ్దం మీద సాధారణంగా ఒక సీజను, అంటే వానాకాలం కాకుండా సుమారు మూడు నెలలు, కొలతలు తీస్తారు. అంటే ఊరి చేతిలో నిజానికి నెలల వ్యవధి ఉంది. పది రూపాయల దరఖాస్తుతో అదే ప్రాంతంలోని పాత ఫ్యాక్టరీల అనుమతి షరతులు, మండలి తీసిన నీటి పరీక్షల ఫలితాలు, రెవెన్యూ రికార్డుల్లో చెరువులు, వాగులు, అసైన్డ్ భూముల వివరాలు అడిగి పెట్టుకోవాల్సింది అప్పుడే. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి. వాణిజ్య రహస్యమని తిరస్కరిస్తే, సెక్షన్ 8(2) కింద ప్రజాప్రయోజనం పైచేయి అని వాదించవచ్చు.

నివేదిక లావు చూసి భయపడక్కర్లేదు. నోటిఫికేషన్ మూడో అనుబంధం ప్రకారం అందులో 12 అధ్యాయాలుంటాయి. సమయం తక్కువుంటే నాలుగే చూడండి. మూడోది ప్రస్తుత పర్యావరణ స్థితి: ఏ బోరు నీళ్లు, ఏ తేదీన తీశారు, గాలి యంత్రం ఎక్కడ పెట్టారు, గాలి వీచే దిక్కున ఉన్న ఊరిని వదిలేశారా? గాలిలోని సన్నని ధూళి కణాలను పీఎం 10, అంతకన్నా సన్నవాటిని పీఎం 2.5 అంటారు; పీఎం 10కి మన జాతీయ ప్రమాణం 24 గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, పీఎం 2.5కి 60. ప్రాజెక్టు రాకముందే కొలతలు ఆ గీతకు దగ్గరగా ఉంటే, కొత్త పొగను ఏ గాలి మోస్తుందని అడగాలి. నాలుగోది ప్రభావాలు, నివారణ చర్యలు. ఐదోది ప్రత్యామ్నాయాలు. వేరే స్థలం, వేరే సాంకేతికత ఎందుకు కాదో ఇక్కడ చెప్పాలి, తరచూ అర పేజీతో ముగించేది దీన్నే. పదోది పర్యావరణ నిర్వహణ ప్రణాళిక, ఎవరు ఎంత ఖర్చుతో ఏం చేస్తారన్నది. ఇంకో ఊరి నివేదికలోంచి ఎత్తిపెట్టిన పేరాలు కూడా దొరుకుతాయి. ఊరి పేరు తప్పు, లేని నది, అక్కడ పెరగని చెట్టు కనిపిస్తే పేజీతో సహా రాసుకోండి. అది అచ్చుతప్పు కాదు, అధ్యయనం జరగలేదనడానికి ఆధారం.

శ్రీకాకుళం జిల్లా సోంపేటను గుర్తు చేసుకుందాం. అక్కడి బీల ఒక చిత్తడి నేల. చుట్టుపక్కల రైతులకూ మత్స్యకారులకూ బతుకుతెరువు. థర్మల్ కేంద్రానికి అనుమతి ఇచ్చేటప్పుడు కాగితాల్లో ఆ నేల అసలు రూపం రాలేదు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. అదే రోజు, హరిత ట్రిబ్యునల్‌కు ముందు ఇలాంటి అప్పీళ్లు విన్న జాతీయ పర్యావరణ అప్పీళ్ల ప్రాధికార సంస్థ ఆ అనుమతిని రద్దు చేసింది. బీల చిత్తడి నేల అన్న నిజం అనుమతికి ముందే రికార్డులో నిలబడి ఉంటే ఆ ప్రాణాలు దక్కేవన్న బాధ ఈ విషయం తెలిసిన ఎవరినీ వదలదు.

ఇక సభ రోజు. జిల్లా మేజిస్ట్రేటు, లేదా అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని ప్రతినిధి అధ్యక్షత వహించాలి. ఆర్డీఓ సరిపోరు. మొత్తం వీడియో తీయాలి. వచ్చినవాళ్లందరి హాజరు నమోదు చేయాలి. అక్కడున్న ప్రతి ఒక్కరికీ ప్రాజెక్టు వాళ్లను ప్రశ్నించే, వివరణ అడిగే అవకాశం ఇవ్వాలి. మైకు మీ దాకా రాకపోవచ్చని ముందే అనుకుని, చెప్పదలచుకున్నది రాసి తీసుకెళ్లండి. రాతపూర్వక అభ్యంతరానికి రసీదు అడగండి. చదువు రానివాళ్ల మాటను ఇంకొకరు రాసి వేలిముద్ర వేయించి ఇవ్వవచ్చు. ఒకే నమూనా మీద 500 సంతకాల కంటే, ఎవరి పొలం, ఎవరి బోరు, ఎవరి పశువుల మేత గురించి వాళ్లు రాసిన 50 కాగితాలు ఎక్కువ పని చేస్తాయి. అన్నీ ఒకేలా ఉంటే ఒక్క జవాబుతో తేల్చేస్తారు.

అందరూ ఇళ్లకు వెళ్లిపోయే సమయంలో జరిగే పని అతి ముఖ్యమైంది. సభ చివర్లో, వచ్చిన అభిప్రాయాలన్నిటి సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి. దాని మీద అదే రోజు మేజిస్ట్రేటు సంతకం చేయాలి. చదివేదాకా కనీసం పది మందైనా కాగితం, కలంతో అక్కడే కూర్చోవాలి. చెరువు ప్రశ్న రాలేదా? అక్కడికక్కడే లేచి చేర్చమనాలి. చదవకుండానే లేస్తే ఆ సంగతి రాసి మర్నాడే మండలికి పంపాలి.

సభను అడ్డుకోవాలా అని చాలామంది అడుగుతారు. కోపం న్యాయమైనదే. కానీ నోటిఫికేషన్‌లో ఒక మాట ఉంది: స్థానిక పరిస్థితుల వల్ల స్వేచ్ఛగా అభిప్రాయం చెప్పే వీలు లేదని నివేదిక వెళితే, సభ లేకుండానే ముందుకు పోవచ్చని అనుమతి ఇచ్చే నియంత్రణ సంస్థ నిర్ణయించవచ్చు. టెంటు కూలితే మనకున్న ఒక్క వేదికా పోవచ్చు. నోటీసులోనో, నివేదిక అందుబాటులోనో లోపముంటే దాన్ని చూపించి వాయిదా కోరడమే నా దృష్టిలో సరైన దారి. అది కూడా రాతపూర్వకంగానే.

తరవాత తుది నివేదికలో ప్రతి అభ్యంతరానికీ ప్రాజెక్టు వాళ్ల సమాధానం జతపరచాలి. నిపుణుల కమిటీ వాటిని పరిశీలించి, కారణాలు చెబుతూ సిఫారసు చేయాలి. అభ్యంతరాలను ఎందుకు తోసిపుచ్చారో కమిటీ చెప్పి తీరాలని ఉత్కర్ష్ మండల్ కేసులో 2009లో ఢిల్లీ హైకోర్టు స్పష్టం చేసింది. హైదరాబాద్ జంట జలాశయాలకు సంబంధించిన ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసులో 1999లో సుప్రీంకోర్టు, హాని లేదని నిరూపించే భారం మార్పు తెచ్చేవాళ్ల మీదే ఉంటుందని చెప్పింది. మీ అభ్యంతర పత్రంలో ఈ రెండు తీర్పులనూ ప్రస్తావించండి.

భాష గురించి ఒక మాట. 2020 ముసాయిదా ఈఐఏ నోటిఫికేషన్‌లో నోటీసు వ్యవధిని 30 నుంచి 20 రోజులకు తగ్గించాలని ప్రతిపాదించారు. దాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకి అనువదించమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. మన దగ్గరా తెలుగు సారాంశం పదో పదిహేనో పేజీలుంటుంది, అసలు నివేదిక ఇంగ్లీషులో వందల పేజీలు. ప్రతి కళాశాలలో నలుగురు విద్యార్థులు పూనుకుంటే నేను చెప్పిన నాలుగు అధ్యాయాలను వారంలో తెలుగు చేయగలరు.

అనుమతి వచ్చాక గడియారం మళ్లీ మొదలవుతుంది. హరిత ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 16 కింద అప్పీలుకు 30 రోజులు. తగిన కారణం చూపితే మరో 60. తొంభై దాటాక ఒక్క రోజు ఆలస్యాన్ని కూడా క్షమించే అధికారం ట్రిబ్యునల్‌కు లేదు. అనుమతి సంగతి స్థానిక పత్రికల్లో ప్రకటించాలి, స్థానిక సంస్థల్లో ప్రదర్శించాలి. ఈ గడువు ఎప్పటి నుంచి లెక్కించాలన్నది తెలియజేసిన తీరును బట్టి ఉంటుందని 2013లో సేవ్ మోన్ రీజియన్ ఫెడరేషన్ కేసులో ట్రిబ్యునల్ చెప్పింది. ఆ వెసులుబాటును నమ్ముకోకుండా పోర్టల్‌ను వారానికోసారి చూడండి. తెలుగు రాష్ట్రాలు చెన్నైలోని దక్షిణ బెంచి పరిధిలోకి వస్తాయి. పరిహారం కోరని అప్పీలుకు రుసుము వెయ్యి రూపాయలు. వకీలు లేకుండా స్వయంగానూ వాదించుకోవచ్చు, అయినా రికార్డు పేర్చడం తెలిసినవాళ్ల సాయం తీసుకోవడం మంచిది. ట్రిబ్యునల్ తీర్పు మీద 90 రోజుల్లో సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చు.

అప్పీలు గడువు దాటిపోతే? ఫ్యాక్టరీ నడుస్తున్నంత కాలం షరతులు పనిచేస్తూనే ఉంటాయి. ఏటా జూన్ 1, డిసెంబరు 1 నాటికి ప్రాజెక్టు వాళ్లు షరతుల అమలు నివేదిక ఇవ్వాలి, అవి ప్రజలకు అందుబాటులో ఉండాలి. ఆ నివేదికను ఒక చేత్తో, అనుమతి పత్రాన్ని ఇంకో చేత్తో పట్టుకుని షరతు తరవాత షరతు సరిచూడండి. పచ్చదనం పట్టీ 33 శాతం అని షరతు ఉంటే కొలిచి ఫొటో తీయండి. ఉల్లంఘన కనబడితే సెక్షన్ 14 కింద ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి కారణం మొదట తలెత్తిన రోజు నుంచి ఆరు నెలలు, నష్టపరిహారానికి సెక్షన్ 15 కింద ఐదేళ్లు గడువుంది. ఫొటో మీద తేదీ, స్థలం పడేలా ఫోను సెట్టింగు మార్చుకోవడం ఈ రోజే చేయండి.