ఎరువు సొమ్ము

అందరికీ నమస్కారం.

ముందు ఈ టీషర్టు చూడండి. వెనక వరసల వాళ్లకి కనబడకపోయినా ఫర్వాలేదు, దగ్గర నుంచి చూస్తే నా పరువు ఇంకా పోతుంది. ఛాతీ మీద బొమ్మ ఎండిన చెరువులా బీటలు వారింది కదా. నేను అచ్చువేసి అమ్మిన మొట్టమొదటి 40 టీషర్టుల్లో ఇదొకటి. ఈ ప్రింటుకి వాడే ప్లాస్టిసాల్ ఇంక్ సరిగ్గా గట్టిపడాలంటే పొర అడుగు దాకా దాదాపు 160 డిగ్రీల సెల్సియస్ వేడి తగలాలి. నాకప్పుడు ఆ సంగతి తెలీదు. పైపైన వేలు పెట్టి చూశాను, వేలికి అంటలేదు, అయిపోయిందనుకున్నాను. మొదటి ఉతుక్కే 40కి 40 ఇలా తయారయ్యాయి. అందరికీ డబ్బు వెనక్కిచ్చి ఒక్కటి మాత్రం దాచుకున్నాను.

ఇవాళ దీన్ని తెచ్చింది ఆ తప్పు చూపించడానికి కాదు, ఆ బొమ్మ కోసం. పగుళ్ల మధ్య పోల్చుకోగలిగితే అదొక పెద్ద బ్రాండు లోగో. రెండక్షరాలు మార్చి, రంగు మార్చి, పేరడీ అన్నాను. ఆ వయసులో నాకదో తిరుగుబాటు. మూడేళ్ల తర్వాత నేను గీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన బొమ్మ ఒక బట్టల కంపెనీ చొక్కా మీద గీత కూడా మారకుండా కనబడింది. నాలుగు మెయిల్స్ పెట్టాను, ఒక్కదానికీ జవాబు లేదు. అప్పుడు మాత్రం దాన్ని దొంగతనం అన్నాను. నేను చేస్తే పేరడీ, వాళ్లు చేస్తే దొంగతనం! ఆ లెక్క ఎలా కుదిరిందో అప్పటి నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. ఇవాళ్టి మాటలు దాని గురించే.

మా నానమ్మ ఒక సామెత చెప్పేది. "ఎరువు సొమ్ము బరువు చేటు, తీయా పెట్టా తీపుల చేటు, అందులో ఒకటి పోతే అప్పుల చేటు." అడిగి తెచ్చుకుని పెట్టుకున్న నగల గురించి. వీధి కుర్రాళ్ల బట్టల ఫ్యాషన్ స్ట్రీట్‌వేర్ అయినా, ర్యాప్ పాటల హిప్ హాప్ అయినా ఎరువు సొమ్ముతో సింగారించుకున్నవే. అందుకు సిగ్గుపడక్కర్లేదు. అసలు పుట్టుకే అలాంటిది.

1973 ఆగస్టు 11. న్యూయార్క్‌లో బ్రాంక్స్ అనే పేదల ప్రాంతం, సెడ్జ్‌విక్ అవెన్యూలో 1520 నంబరు అపార్ట్‌మెంట్. సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయికి బడి తెరిచేలోపు కొత్త బట్టలు కావాలి, డబ్బుల్లేవు. భవనంలోని కామన్ హాల్లో పార్టీ పెట్టింది. టికెట్ ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50. రికార్డులు వేసింది వాళ్లన్న క్లైవ్, తర్వాత లోకం డీజే కూల్ హెర్క్ అన్న మనిషి. హిప్ హాప్ పుట్టినరోజుగా అందరూ ఒప్పుకునే తేదీ అది. బట్టల కోసం పెట్టిన పార్టీలో ఆ సంగీతం పుట్టిందన్నమాట. బట్టలూ బీట్లూ ఎప్పుడు కలిశాయని ఎవరైనా అడిగితే, అసలు విడిగా ఎప్పుడున్నాయి అని నేనడుగుతాను.

హెర్క్ గమనించిందేమిటంటే, పాటలో గొంతు ఆగి డ్రమ్స్ మాత్రమే మోగే కొద్ది సెకన్ల కోసం డాన్స్ చేసేవాళ్లు కాచుకుని ఉంటారు. అదే రికార్డు రెండు కాపీలు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో ఆ ముక్క అయిపోగానే రెండోదాంట్లో మొదలుపెట్టి, పది సెకన్లని ఐదు నిమిషాలు చేశాడు. అంటే ఈ కళలో మొదటి పనే ఇంకొకరి పాటలోంచి ముక్క తీసుకోవడం. ఇంకో తమాషా కూడా ఉంది. పోటీ డీజేలకి అది ఏ పాటో తెలియకూడదని హెర్క్ రికార్డుల్ని నీళ్లలో నానబెట్టి లేబుళ్లు ఊడదీసేవాడు. తీసుకోవడం, ఎక్కణ్నుంచి తీసుకున్నామో దాచడం, రెండూ మొదటి రోజుల నుంచే ఉన్నాయి. ఇవాళ రీల్‌లో క్రెడిట్ ఇవ్వని కుర్రాణ్ని తిట్టేముందు ఆ ఊడిన లేబుళ్లు కూడా గుర్తుచేసుకోండి.

న్యూయార్క్‌లోనే హార్లెం అనే పేట వైపు వెళ్దాం. 125వ వీధిలో 1982లో డేనియల్ డే అనే ఆయన ఒక బట్టల షాపు తెరిచాడు. డాపర్ డాన్ అంటే మీలో చాలామందికి తెలుసు. రాత్రీ పగలూ తెరిచే ఉండేది. పెద్ద బ్రాండ్ల సరుకు చేతికందనివాళ్లూ, అందినా ఆ షోరూముల్లో మర్యాద దొరకనివాళ్లూ ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు. మొదట్లో గూచీ అనే ఖరీదైన ఫ్యాషన్ బ్రాండు బట్టల సంచులు కొని, కత్తిరించి, జాకెట్లకు కుట్టేవాడు. అవి చాలక తోలు మీద లోగోలు తనే స్క్రీన్ ప్రింట్ చేయడం నేర్చుకున్నాడు. ఈ పని చేసేవాణ్ని కాబట్టి చెబుతున్నా, అది మాటలు కాదు. నూలు బట్ట ఇంకుని పీల్చి పట్టుకుంటుంది. తోలు పట్టుకోదు, వంచినచోటల్లా ఊడుతుంది. అది ఊడకుండా నిలబెట్టడంలోనే ఆయన పనితనమంతా ఉంది. కొనేవాళ్లకి మాత్రం లోగో కనబడింది.

1988లో ఒక తెల్లవారుజామున మైక్ టైసన్ ఆ షాపు దగ్గరే ఇంకో బాక్సర్‌తో తన్నుకున్నాడు. వార్త పేపర్లకెక్కింది, షాపూ ఎక్కింది. బ్రాండ్ల లాయర్ల చూపు అటు పడింది. సోదాలు, జప్తులు. 1992కి షాపు మూతపడింది.

పాటల్లోనూ అదే కాలంలో అదే జరిగింది. 1991 డిసెంబరులో, అనుమతి లేకుండా పాత పాట ముక్క వాడుకున్నందుకు బిజ్ మార్కీ అనే ర్యాపర్ మీద న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ఇచ్చిన తీర్పు "దొంగిలకూడదు" అన్న బైబిల్ ఆజ్ఞతో మొదలవుతుంది. ఆ తర్వాత శాంపిల్, అంటే అలాంటి పాట ముక్క, వాడాలంటే ముందు కాగితం, డబ్బు. ఒకే పాటలో పాతిక ముక్కలు అతికే పద్ధతి సామాన్యుడి చేయి దాటిపోయింది.

ఇక్కడ కాస్త ఆగుతాను, నాకు అసలు విషయం ఇక్కడే ఉందనిపిస్తుంది. చట్టం కళ్లకి కొన్ని కనబడతాయి, కొన్ని కనబడవు. లోగో కనబడుతుంది, అది ట్రేడ్‌మార్క్. బట్ట మీద బొమ్మ కనబడుతుంది, అది కాపీరైట్. చేతులు బుడగలా ఉబ్బేలా కుట్టిన కుట్టు, ప్యాంటు నడుము కిందికి జారిన తీరు, టోపీ తిప్పిపెట్టిన పద్ధతి, ఇవేవీ కనబడవు. అమెరికా కాపీరైట్ చట్టంలో బట్ట కోత ఎవరి సొత్తూ కాదు. పాటలోనూ అంతే. రికార్డయిన ముక్కకు యజమాని ఉంటాడు. యాసకి, మాట విరుపుకి, డ్రమ్ము కాస్త ఆలస్యంగా పడటంలో ఉన్న మత్తుకి యజమాని ఉండడు. పైనున్నవాడి దగ్గర ఉండేవి చట్టానికి కనబడే వస్తువులు. వీధిలో పుట్టేవి కనబడనివి. అందుకే వీధి పైనుంచి తీసుకుంటే కేసు అవుతుంది, పైవాళ్లు వీధి నుంచి తీసుకుంటే ట్రెండ్ అవుతుంది.

వీధిలోంచి వచ్చినవాడు పైకెక్కాక ఏం చేస్తాడో కూడా చూడాలి. సుప్రీమ్ అనే బట్టల బ్రాండు 1994లో న్యూయార్క్ లఫాయెట్ వీధిలో స్కేట్‌బోర్డ్ కుర్రాళ్ల షాపుగా మొదలైంది. ఎర్ర డబ్బాలో తెల్ల అక్షరాల లోగో, బార్బరా క్రూగర్ అనే కళాకారిణి పోస్టర్ల వరస నుంచి వచ్చిందని అందరికీ తెలుసు. ఆ లోగోకి ఒక తిట్టు తగిలించి టీషర్టులు వేసిన చిన్న ఆడవాళ్ల బ్రాండు మీద 2013లో అదే సుప్రీమ్ కోటి డాలర్లకు దావా వేసింది! చివరికి రాజీ కుదిరిందనుకోండి. 2020లో వీఎఫ్ అనే కంపెనీ సుప్రీమ్‌ని 210 కోట్ల డాలర్లకు కొని, 2024లో 150 కోట్లకు అమ్మేసుకుంది. ఎరువు తెచ్చుకున్న నగకి అంత ధర పలికింది మరి.

ఈ గొడవలోకి ఫోన్ ఎప్పుడొచ్చింది? 2017 మేలో గూచీ తన షోలో ఒక జాకెట్ చూపించింది. ఉబ్బిన చేతులు, వాటి నిండా లోగోలు. 1989లో డాపర్ డాన్ తనకు కుట్టిన జాకెట్టే అది అని ఒలింపిక్ రన్నర్ డయాన్ డిక్సన్ గుర్తుపట్టింది. ఇన్‌స్టాగ్రామ్‌లో పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టింది, అంతే. అది నివాళి అని గూచీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాదే ఆయనతో చేతులు కలిపింది, 2018లో హార్లెంలో ఆయన వర్క్‌షాపు మళ్లీ తెరుచుకుంది, ఈసారి గూచీ సరుకుతోనే. కోర్టుకి కనబడని కుట్టు జనానికి కనబడింది. సోషల్ మీడియా గురించి నాకున్న ఫిర్యాదులన్నీ పక్కన పెట్టి ఈ ఒక్కదానికి దండం పెడతాను. అది తేదీ వేసిన సాక్ష్యం.

సాక్ష్యం తారుమారు కూడా అవుతుంది. 2019లో అట్లాంటా దగ్గర ఒక 14 ఏళ్ల అమ్మాయి ఇంట్లో ఒక డాన్స్ కట్టి పోస్ట్ చేసింది. అది టిక్‌టాక్‌కి చేరేసరికి పేరు రాలిపోయింది. కోట్ల ఫాలోవర్లున్నవాళ్లు ఆ స్టెప్పులు వేసి పేరు తెచ్చుకున్నారు. నెలల తర్వాత పత్రికలు రాస్తేగానీ అది ఎవరిదో లోకానికి తెలీలేదు. అప్పుడుగానీ అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ వాళ్ల ఆల్‌స్టార్ ఆట మధ్యలో ఆడమని ఆ పిల్లకి పిలుపు రాలేదు. తేదీ ఉంది, వీడియో ఉంది. వెనక్కి వెళ్లి చూసే ఓపిక ఎవరికీ లేదు.

మన పాత కవులు ఈ విషయంలో తెలివైనవాళ్లు. పద్యం ఎన్ని నోళ్లు మారినా పేరు ఊడిపోకుండా చివరి పాదంలోనే మకుటం బిగించేవాళ్లు. వేమన పేరు తీసేస్తే ఛందస్సే కూలిపోతుంది. బీట్, అంటే పాట వెనక మోగే సంగీతం, దాని మొదట్లో నిర్మాత పేరు పలికే ప్రొడ్యూసర్ ట్యాగ్ ఉంటుందే, అచ్చం అదే పని చేస్తుంది. గొప్పలనుకుని నవ్వకండి. కత్తిరిస్తే పాటకే గాయమయ్యేలా పెట్టుకున్న సంతకం అది.

30 డాలర్ల బీట్ సంగతి కూడా చెప్పాలి. లిల్ నాస్ ఎక్స్ అనే ర్యాపర్ పేరు కూడా లేని రోజుల్లో ఆన్‌లైన్‌లో ఒక బీట్ 30 డాలర్లకు కొన్నాడు. చేసింది నెదర్లాండ్స్‌లో ఉండే ఒక కుర్రాడు. ఆ కుర్రాడు అందులో నైన్ ఇంచ్ నెయిల్స్ అనే రాక్ బ్యాండు 2008 ఆల్బమ్ ముక్క వాడాడు. ఆ బీట్ మీద పాడిన ఓల్డ్ టౌన్ రోడ్ పాట 2019లో అమెరికా హిట్ పాటల జాబితా బిల్‌బోర్డ్‌లో 19 వారాలు మొదటి స్థానంలో ఉంది. మధ్యలో అనుమతులన్నీ సరిచేసుకుని, ఆ ముక్క అసలు యజమానులకు రచయితలుగా, నిర్మాతలుగా పేరిచ్చారు. ఈ కథ చెప్పగానే 30 డాలర్లతో అదృష్టం అంటారు అందరూ. నాకు మాత్రం అందులో లీజు కనబడుతుంది. 30 డాలర్లకు వచ్చేది మామూలుగా బీట్ కాదు, బీట్ వాడుకునే హక్కు. అదే బీట్‌ని ఇంకో వందమందికి అమ్మొచ్చు. ఆన్‌లైన్‌లో ఇన్నిసార్లు మోగేదాకానే అని కూడా రాసి ఉండొచ్చు. మీలో ఎంతమంది ఆ పేజీ కిందిదాకా చదివారు? చేతులెత్తొద్దులెండి.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. మా ప్రింటింగ్ గదికి ఒక ముగ్గురు వచ్చేవాళ్లు. ఒకడు రాసి పాడతాడు, ఒకడు బీట్లు చేస్తాడు, ఒకమ్మాయి బొమ్మలు గీస్తుంది. రాత్రి పది దాటాక వచ్చి, ఇంకుని మెష్ జాలీ గుండా నెట్టే స్క్వీజీ తామే పట్టుకుని లాగేవాళ్లు. మొదటిసారి మెష్ ఎత్తి, బట్ట మీద తడి బొమ్మ కనబడగానే ముగ్గురూ ఒకేసారి నిశ్శబ్దమైపోయారు. ఆ నిశ్శబ్దం కోసమే నేనీ పనిలో ఉన్నాను. హుడీ వేసుకుని పాడిన రీల్ పేలింది. వారం రోజుల్లో హుడీలు అయిపోయాయి. రెండో వారం గొడవ. ఇన్‌స్టా ఖాతా పాడేవాడి పేరు మీద ఉంది. బొమ్మ అసలు ఫైలు అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఉంది. బీట్ ఎవరిదని ఎవరూ రాసుకోలేదు. ముగ్గురిలో ఒక్కరూ మోసగాళ్లు కారు. ఆ రాత్రి గదిలో ముగ్గురూ ఉన్నారు కాబట్టి ముగ్గురికీ అన్నీ తెలుసు అనుకున్నారు. ఇప్పుడు ఎవరి దారి వాళ్లది. ఆ స్క్రీన్ ఇంకా నా దగ్గరే ఉంది. మెష్ కడిగి వేరే పనికి వాడుకోవాలి, చెయ్యి రావడం లేదు.

కాబట్టి లాయర్ దగ్గరికి పరుగెత్తమనను. పని అయిన రాత్రే గ్రూపులో నాలుగు లైన్లు రాయండి. బొమ్మ ఎవరిది, బీట్ ఎవరిది, లోపల ఎవరి పాట ముక్క ఉంది, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది, డబ్బొస్తే ఎవరికెంత. ముగ్గురూ ఓకే అని కొట్టండి. కోర్టులో అది ఎంతవరకు నిలబడుతుందో ఎవరైనా లాయర్ని అడగండి, స్నేహంలో మాత్రం బాగానే నిలబడుతుంది. ఎవరి దగ్గర తీసుకున్నారో వాళ్ల పేరు పోస్టులో రాయండి. కామెంట్లలో కాదు, క్యాప్షన్లో, మొదటి లైన్లో. నేను ఆ 40 టీషర్టుల మీద రాయలేదు.

సరే, నేను చాలాసేపు మాట్లాడేశాను. మూడో వరసలో నల్ల హుడీ బాబు లేబుళ్ల కథ దగ్గర్నుంచీ చెయ్యెత్తే ఉన్నాడు. మైకు అటివ్వండి.