వాషింగ్ మెషీన్ మార్చే ముందు ఇంటి నీటినీ కరెంటునూ పరీక్షించండి

శ్రోతలకు నమస్కారం.

దక్షిణ ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వంటి ఊళ్లలో కాపురముంటున్న తెలుగు కుటుంబాలలో ఇప్పుడు వాషింగ్ మెషీన్ అరుదైన వస్తువు కాదు. అయితే కొన్న కొత్తలో ఇంటిల్లిపాదీ సంబరపడిన ఆ మెషీన్, రెండు మూడేళ్లు తిరిగేసరికి మూత మీద మడతపెట్టిన దుప్పట్లు పెట్టుకోవడానికి మాత్రమే పనికివస్తున్న ఇళ్లు కూడా తక్కువేమీ కాదు. అటువంటి ఇంట్లో ఇల్లాలు మళ్లీ పెరట్లోని బండ దగ్గరికే వెళుతుంది. నడుము నొప్పి, చేతివేళ్ల పగుళ్లు మళ్లీ మొదలవుతాయి. ఉన్న మెషీన్ తృప్తినివ్వనప్పుడు, చేతిలో పరిమితమైన సొమ్ము ఉన్నప్పుడు, దాని స్థానంలో మెరుగైనదాన్ని ఎలా ఎంచుకోవాలన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

పాత మెషీన్ ఎందుకు విసిగించిందో తేల్చుకోకుండా కొత్తదానికి డబ్బు కట్టకూడదని నా గట్టి అభిప్రాయం. మోటారు గుయ్‌మని మూలుగుతూ తిరగకపోతే, చాలాసార్లు చెడిపోయింది మోటారు కాదు, దానికి తోడుగా ఉండే కెపాసిటర్. అది కొద్ది వందల రూపాయల వస్తువు. మోటారు తిరుగుతున్నా బట్టలు కదలకపోతే బెల్టు వదులై ఉండవచ్చు. నీళ్లు ఆలస్యంగా నిండుతుంటే, గొట్టం వచ్చి మెషీన్‌కు కలిసే చోట ఉండే చిన్న జల్లెడలో ఇసుక, చిలుము పేరుకుని ఉండవచ్చు. పూర్తి ఆటోమేటిక్ మెషీన్‌లో కంట్రోల్ బోర్డు, గేర్‌బాక్సు, డ్రమ్ము బేరింగులు పోతే మాత్రం లెక్క మారుతుంది. మరమ్మతు ఖర్చు కొత్త మెషీన్ ధరలో సగాన్ని సమీపిస్తున్నదని మెకానిక్ చెప్పినప్పుడు పాతదాన్ని వదులుకోవడమే మేలు.

ఇక అసలు విషయం నీరు. మన ప్రాంతంలో మెషీన్ల మీద వినిపించే ఫిర్యాదులలో ఎక్కువ భాగం నీటి దగ్గరే మొదలవుతుందని నేను నమ్ముతున్నాను. నాగావళి, వంశధార ఒడ్డున ఉన్న ఊళ్లైనా సరే, ఇంట్లోకి వచ్చేది చాలామందికి బోరు నీరే. బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటే దాన్ని కఠిన జలం అంటాము. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ నిర్దేశించిన ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే ఆధారం లేనప్పుడు 600 వరకు అనుమతించవచ్చు. కాఠిన్యం ఎక్కువైన కొద్దీ సబ్బు పొడి సరిగా పనిచేయదు, మురికి పూర్తిగా వదలదు, తెల్లని పొర ఒకటి నల్లబట్టల మీద అంటుకుని ఆరిన తరువాత బయటపడుతుంది. ఆ పొర చూసి మెషీన్ జాడించడం లేదని మనం అనుకుంటాము.

ఇనుము మరొక సమస్య. అప్పుడే తోడిన బోరు నీరు తేటగానే కనిపిస్తుంది గాని, అందులో కరిగి ఉన్న ఇనుము గాలి తగిలాక ఎర్రబారుతుంది. తెల్ల పంచెలు, బడిపిల్లల చొక్కాలు నెలల తరబడి అటువంటి నీటిలో ఉతికితే గోధుమ రంగుకు తిరుగుతాయి. వాటిని తెల్లబరచాలని బ్లీచింగ్ వేస్తే మరక పోవడానికి బదులు ఇంకా స్థిరపడుతుంది, ఎందుకంటే బ్లీచింగ్ కూడా ఇనుమును తుప్పుగా మార్చే పనే చేస్తుంది. మీ ఇంటి నీటిలో ఇనుము ఉన్నదో లేదో తెలుసుకోవడానికి ప్రయోగశాలకు వెళ్లనవసరం లేదు. అప్పుడే తోడిన నీటిని ఒక తెల్లని బకెట్టులో పట్టి రాత్రంతా మూత లేకుండా ఉంచండి, తెల్లవారేసరికి అడుగున ఎర్రని మడ్డి కనిపిస్తే సమాధానం దొరికినట్టే. అటువంటి నీటికి ఏ కంపెనీ మెషీన్ తెచ్చినా తెల్లబట్టలు తెల్లగా రావు. కొత్త మెషీన్‌కు కేటాయించిన సొమ్ములో కొంత ఇనుమును పట్టే ఫిల్టరుకు ఖర్చు చేయాలి, లేదా తెల్లబట్టల వరకైనా మునిసిపాలిటీ కుళాయి నీరు పట్టి ఉంచుకోవాలి. ఉన్న మరకలకు నిమ్మఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిలో నానబెట్టడం కొంతవరకు పనిచేస్తుంది.

నీటి గుణంతో పాటు దాని ఒత్తిడి కూడా చూడాలి. పూర్తి ఆటోమేటిక్ మెషీన్ తనకు తానే నీళ్లు పట్టుకుంటుంది కాబట్టి కుళాయిలో తగినంత ఒత్తిడి ఉండాలి. చాలా కంపెనీల మాన్యువళ్లలో కనీసం 0.3 నుంచి 0.5 బార్ వరకు ఉండాలని రాసి ఉంటుంది. పది మీటర్ల ఎత్తున ఉన్న నీరు సుమారు ఒక బార్ ఒత్తిడిని ఇస్తుంది. ఒకే అంతస్తు ఇంటి డాబా మీద ఉన్న ట్యాంకు, మన కుళాయికి మూడు మీటర్ల ఎత్తున కూడా ఉండకపోవచ్చు, అంటే 0.3 బార్ కూడా కష్టమే. దీన్ని కొలవడానికి బకెట్టు చాలు. మెషీన్ పెట్టదలచిన చోట ఉన్న కుళాయి కింద పది లీటర్ల బకెట్టు పెట్టి, అది నిండడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. రెండు నిమిషాలు దాటితే నిమిషానికి ఐదు లీటర్లు కూడా రావడం లేదని అర్థం. అటువంటి కుళాయి మీద యాభై లీటర్లు నింపుకునే, పైనుంచి బట్టలు వేసే టాప్ లోడ్ మెషీన్‌కు ఒక్కసారి నిండడానికే పది నిమిషాలకు పైగా పడుతుంది. ఉతకడానికి ఒకసారి, జాడించడానికి రెండుసార్లు నింపుకుంటే కేవలం నీళ్ల కోసమే అరగంట గడిచిపోతుంది. మధ్యలో మెషీన్ ఆగిపోయి ఎర్రర్ చూపించడం కూడా జరుగుతుంది. ప్రెజర్ పంపు పెట్టించుకుంటే ఈ ఇబ్బంది తీరుతుంది గాని, ఆ పంపు ఖరీదును కూడా మెషీన్ ధరలో కలిపి లెక్కించుకోవలసి ఉంటుంది.

కరెంటు విషయం దీనికి తీసిపోదు. మన దేశంలో ఇళ్లకు అందవలసిన వోల్టేజి 230. లైను చివరన ఉన్న ఇళ్లకు వేసవి సాయంత్రాలలో అది 180కి దిగజారినప్పుడు, ఇండక్షన్ మోటారు తిప్పే బలం వోల్టేజి వర్గాన్ని, అంటే దాన్ని దానితోనే గుణించిన విలువను, అనుసరించి తగ్గుతుంది కాబట్టి, అసలు బలంలో అరవై శాతానికి కాస్త అటూ ఇటూగా మాత్రమే మిగులుతుంది. నిండుగా బట్టలు వేసిన డ్రమ్మును ఆ బలంతో తిప్పలేక మోటారు వేడెక్కుతుంది, క్రమంగా దాని లోపలి తీగ చుట్టలు కాలిపోతాయి. కనుక మెషీన్ ఎంత చవకదైనా దాని కోసం ఒక స్టెబిలైజర్ ఉండడం, సాకెట్‌కు సరైన ఎర్తింగ్ ఉండడం తప్పనిసరి. తడి చేతులతో తాకే యంత్రం కాబట్టి ఎర్తింగ్ విషయంలో ఉదాసీనత ప్రాణాల మీదికి తెస్తుంది.

కరెంటు బిల్లు గురించి మాత్రం చాలామంది అవసరానికి మించి దిగులు పడుతుంటారు. 360 వాట్ల మోటారు అరగంట తిరిగితే ఖర్చయ్యేది 0.18 యూనిట్లు మాత్రమే. నీళ్లు వేడిచేసే రెండు వేల వాట్ల హీటరు అదే అరగంట పనిచేస్తే ఒక యూనిట్ పూర్తిగా ఖర్చవుతుంది. చన్నీళ్లతో ఉతికే ఇంట్లో కరెంటు పొదుపును సూచించే స్టార్ల సంఖ్య కన్నా నీటి ఖర్చూ, మరమ్మతు సౌలభ్యమూ ఎక్కువ ముఖ్యం.

ఇప్పుడు ఏ రకం కొనాలన్న ప్రశ్నకు వస్తాను. బజారులో, ఉతికే తొట్టీ పిండే తొట్టీ వేరుగా ఉండే సెమీ ఆటోమేటిక్ మెషీన్లు రమారమి ఎనిమిది నుంచి పన్నెండు వేల రూపాయలకు, పూర్తి ఆటోమేటిక్ టాప్ లోడ్ మెషీన్లు పదమూడు వేలు మొదలుకొని, ముందు తలుపు గుండా బట్టలు వేసే ఫ్రంట్ లోడ్ మెషీన్లు ఇరవై వేలకు పైన దొరుకుతున్నాయి. ఫ్రంట్ లోడ్ మెషీన్ తక్కువ నీటితో బట్టలను బాగా ఉతుకుతుందన్నది నిజమే. కాని నీటి ఒత్తిడి తక్కువగా, వోల్టేజి అస్థిరంగా ఉండి, మెకానిక్ పక్క జిల్లా నుంచి రావలసిన ఊళ్లో, బడ్జెట్ పరిమితంగా ఉన్న కుటుంబానికి దాన్ని నేను సూచించను.

మా ఇంట్లో మొదట ఉన్నది 6.5 కిలోల పూర్తి ఆటోమేటిక్ టాప్ లోడ్. నీటి కోసం ఎదురుచూస్తూ గంటన్నర దాటినా పని ముగించేది కాదు, బోర్డు ఒకసారి మార్చిన తరువాత కూడా మధ్యలో ఆగిపోయేది. దాని స్థానంలో ధరలో తక్కువైన 7.5 కిలోల సెమీ ఆటోమేటిక్ వచ్చింది. ఇందులో బకెట్టుతోనైనా నీళ్లు పోసుకోవచ్చు కాబట్టి కుళాయి ఒత్తిడితో పనిలేదు. ఒకసారి కలిపిన సబ్బు నీటిలో ముందు తెల్లబట్టలు, తరువాత రంగు బట్టలు, ఆఖరున కాళ్లు తుడుచుకునే పట్టాలు వేసుకోవచ్చు. కరెంటు పోయి వస్తే మీట మళ్లీ తిప్పితే చాలు, పని సాగుతుంది. అన్నిటికన్నా ఊరటనిచ్చేది డ్రయ్యర్. సెమీ ఆటోమేటిక్ డ్రయ్యర్లు నిమిషానికి 1300 చుట్లకు దగ్గరగా తిరుగుతాయి, టాప్ లోడ్ మెషీన్లు సాధారణంగా 700 చుట్ల దగ్గర ఆగుతాయి. రథయాత్ర మొదలు దసరా దాకా ఎండ సరిగా మొహం చూపని మన కొండ ప్రాంతంలో, బట్టలు ఎంత గట్టిగా పిండబడి వచ్చాయన్నదే అవి ముక్కవాసన వేస్తాయా లేదా అన్నది తేలుస్తుంది. ఆ ఒక్క గుణానికే ఈ రకాన్ని మెచ్చుకోవచ్చు.

దీనికి లోపాలు లేకపోలేదు. తడిబట్టలను ఒక తొట్టిలో నుంచి రెండో దానిలోకి ఎత్తి వేయాలి, జాడించేటప్పుడు దగ్గర ఉండాలి, వంగలేని పెద్దవారికి ఇది కష్టమే. ఇంట్లో పని చేసేది వృద్ధురాలే అయితే, లేదా భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లేవారైతే, ప్రెజర్ పంపు పెట్టించి అయినా సరే, తక్కువ ప్రోగ్రాములున్న సాదా టాప్ లోడ్ మెషీన్ కొనుక్కోవడమే న్యాయం. ఎవరు ఉతుకుతారో వారే దుకాణానికి వెళ్లి, మూత ఎత్తి చూసి, తొట్టి అడుగు చేతికి అందుతుందో లేదో పరీక్షించి నిర్ణయించాలి. మన ఇళ్లలో డబ్బు ఇచ్చే మగవారు ఎంచుకుని తెస్తారు, ఉతికే ఆడవారు దానితో సర్దుకుంటారు. ఇది మారాలి.

సామర్థ్యాన్ని లెక్కించేటప్పుడు మెషీన్ మీద రాసిన కిలోలు పొడిబట్టల బరువని గుర్తుంచుకోవాలి. జీన్స్ ప్యాంటు ఒకటి సుమారు 700 గ్రాములు, డబుల్ కాట్ దుప్పటి కిలోకు దగ్గరగా తూగుతాయి. నలుగురున్న ఇంటికి ఏడు కిలోలది సరిపోతుంది, కాని తొట్టిని ముప్పాతిక వంతుకు మించి నింపరాదు. బట్టలు అటూ ఇటూ తిరిగే చోటు లేకపోతే మురికి వదలదు. సబ్బు పొడి కూడా ఎక్కువ వేస్తే నురగ పెరిగి జాడింపు కష్టమవుతుంది. మెషీన్‌ను స్నానాల గదిలో పెట్టేవారు ఇనుప రేకు బాడీ కన్నా ప్లాస్టిక్ బాడీ ఉన్నదాన్ని ఎంచుకుంటే తుప్పు బాధ ఉండదు. ఎలుకల తిరుగుడున్న ఇంట్లో అడుగున జాలీ బిగించి ఉన్నదాన్ని అడగండి, ఎందుకంటే ఎలుకలు కొరికిన తీగలకు వారంటీ సాధారణంగా వర్తించదు. పెద్ద అక్షరాలతో రాసే పదేళ్ల వారంటీ కూడా చాలావరకు మోటారుకు మాత్రమే పరిమితం. మిగతా భాగాలకూ, మెకానిక్ రుసుముకూ ఎన్నేళ్లో డీలరు చేత బిల్లు మీదే రాయించుకోవాలి.

సరిహద్దు ప్రాంతం వారికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. పూర్వం ఒడిశా, ఆంధ్ర రాష్ట్రాల అమ్మకపు పన్నులు వేరుగా ఉండేవి కనుక రాయగడ వారు పార్వతీపురం వెళ్లి, పర్లాకిమిడి వారు పాతపట్నం, టెక్కలి వెళ్లి ధరలు పోల్చుకునేవారు. 2017 జూలై 1న జీఎస్‌టీ వచ్చిన తరువాత ఆ తేడా లేదు. వాషింగ్ మెషీన్ల మీద మొదట 28 శాతంగా ఉన్న పన్ను 2018 జూలై 27 నుంచి 18 శాతానికి తగ్గింది, ఇది సరిహద్దుకు ఇటైనా అటైనా ఒకటే. మిగిలింది డీలరు ఇచ్చే తగ్గింపు మాత్రమే. అందువల్ల నాలుగైదు వందల కోసం దూరం వెళ్లే ముందు, మీ పిన్‌కోడ్‌కు ఆ కంపెనీ మెకానిక్ ఎక్కడి నుంచి వస్తాడో కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి తెలుసుకోండి. జయపురం నుంచా, బరంపురం నుంచా, విశాఖపట్నం నుంచా అన్నదాని మీద మీరు ఎన్నాళ్లు ఎదురుచూస్తారన్నది ఆధారపడుతుంది. పక్క ఊళ్లోనే మెకానిక్ ఉన్న కంపెనీ మెషీన్ ఒక వెయ్యి ఎక్కువైనా అదే చవక.

ఆంధ్రలో కొని ఒడిశాలో ఉంటున్నాము కాబట్టి చెడిపోతే ఎక్కడ మొరపెట్టుకోవాలో తెలియక చాలామంది ఊరుకుంటారు. 2020 జూలై 20న అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, వస్తువు ఎక్కడ కొన్నా సరే, మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర ఐదు లక్షల రూపాయల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు వెళ్లాలి. అంతకుముందు 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వారు కంపెనీతో మాట్లాడతారు. ఇందుకు జీఎస్‌టీ నంబరున్న బిల్లు, మెషీన్ సీరియల్ నంబరు, మెకానిక్ వచ్చిన ప్రతిసారీ ఇచ్చిన జాబ్ షీటు మీ దగ్గర ఉండాలి. బిల్లు లేకుండా ఇచ్చే తగ్గింపును దయచేసి ఒప్పుకోకండి.

మెషీన్ ఇంటికి వచ్చిన రోజున, దాన్ని బిగించడానికి వచ్చిన వ్యక్తి ఖాళీ తొట్టిని తిప్పి చూపించి సంతకం అడుగుతాడు. అప్పుడే సంతకం చేయకండి. నాలుగు కాళ్లూ నేలకు సమంగా ఆనేటట్టు సర్దించి, తడిపిన రెండు దుప్పట్లు డ్రయ్యర్‌లో వేసి తిప్పించండి. మెషీన్ పక్కకు జరగకుండా ఉంటే, మూత ఎత్తగానే డ్రయ్యర్ బ్రేకు పడి ఆగితే, మురికినీరు గొట్టం గుండా నిలవకుండా బయటికి పోతే, అప్పుడు సంతకం చేయవచ్చు. పాతదాన్ని పాత ఇనుము కొనేవారికి ఇచ్చేకన్నా డీలరు మార్పిడి పథకంలో ఇవ్వడం మంచిది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం, వాడిపారేసిన వాషింగ్ మెషీన్లను శాస్త్రీయంగా విడగొట్టించే బాధ్యత తయారీదారుల మీద ఉన్నది.

నమస్కారం.