బెజవాడ ఎండల్లో మా పిల్లల బొమ్మల పని

హాయ్ అండి, అందరికీ నమస్తే. ఈ వీడియో డల్లాస్ నుంచి కాదు, విజయవాడ సత్యనారాయణపురంలో మా అమ్మావాళ్లింటి నుంచి. టెక్సాస్‌లో మే నెలాఖరుకే బళ్లు మూసేస్తారు, ఇక్కడేమో జూన్ 12 దాకా తెరవరు. అందుకని మా పిల్లలూ, అన్నయ్య పిల్లలూ, కింది వాటా పిల్లలూ అందరూ ఒకేసారి ఇంట్లోనే. అందరూ ఐదో క్లాసు లోపు వాళ్లే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, పది దాటితే బయట కాలు పెట్టలేం. ఫోన్ చేతికివ్వకుండా ఈ మధ్యాహ్నాలు ఎలా గడిపామో చూపిస్తాను.

మొదట అందరికీ తెల్ల కాగితాలు, క్రేయాన్లు ఇచ్చి మీకు నచ్చింది వేయండి అన్నాను. కింది వాటా బాబు రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన గుడిసె, కొబ్బరిచెట్టు, ఒక ఏరు వేశాడు. మా మేనకోడలు వేసిందీ అదే. మనమూ చిన్నప్పుడు సీనరీ అంటే అదే వేశాం. ఇక్కడ కొండ ఉంది, నది ఉంది. కానీ ఆ కాగితం మీదున్నది ఇంద్రకీలాద్రీ కాదు, కృష్ణా కాదు. ఎవరో ఎప్పుడో నేర్పిన గీతలవి. పిల్లలకి బొమ్మ ఎలా వేయాలో చూపించడం కాదు, చూడ్డానికి ఏదైనా చూపించాలి, గీత మాత్రం వాళ్లదే అవ్వాలి అని నాకు గట్టిగా అనిపించింది. ఇంట్లో పెద్దవాళ్లందరికీ చెప్పేశాను, పిల్లల కాగితం మీద మన చెయ్యి పడకూడదని.

డల్లాస్‌లో మా పిల్లల బడిలో వారానికోసారి ఆర్ట్ క్లాసు, దానికి విడిగా టీచర్ ఉంటారు. క్లాసంతా ఒకే అంశం మీద వేస్తారు, వరండా గోడకి తగిలిస్తే ఏ రెండూ ఒకలా ఉండవు. ఇక్కడ బడి ప్రాజెక్ట్ అంటే చాలా ఇళ్లల్లో నాన్న థర్మాకోల్ కోస్తారు, అమ్మ రంగు కాగితాలు అంటిస్తుంది, పిల్ల పక్కన కూర్చుని చూస్తుంది. మార్కుల టెన్షన్ అలాంటిది, తల్లిదండ్రుల్ని తప్పుపట్టను. కానీ ఆ పిల్ల చెయ్యి ఊరికే ఉండిపోవడం చూస్తే బాధేస్తుంది.

అందరికీ బాగా నచ్చింది పసుపు కాగితం. రెండు చెంచాల పసుపు అరగ్లాసు నీళ్లలో కలిపి, మందపాటి డ్రాయింగ్ కాగితానికి బ్రష్‌తో పూసి ఫ్యాన్ కింద ఆరబెట్టాం. ఇంకో గిన్నెలో గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపాను. దూదిపుల్ల అందులో ముంచి పసుపు కాగితం మీద గీస్తే, చూస్తుండగానే గీత ఎర్రగా తేలుతుంది. రంగే లేని నీళ్లతో ఎర్ర గీత! పిల్లలు కేకలు పెట్టారు. మా అమ్మ చూసి "ఇది మన వసంతమే కదే" అంది. నిజమే, పసుపులో సున్నం కలిపి దిష్టి తీసే ఎర్రనీళ్లు అవే. పసుపులో ఉండే కర్కుమిన్‌కి వంటసోడా, సున్నం లాంటి క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే మళ్లీ పసుపుపచ్చ అవుతుంది. అందుకే నిమ్మరసం ఇస్తే అదే వీళ్లకి రబ్బరు అయిపోయింది. మా చిన్నది ఎర్రగా పెద్ద చెట్టు వేసి, నిమ్మరసం చుక్కలతో దాని నిండా పసుపుపచ్చ కాయలు పెట్టింది. అది నేను చెప్పింది కాదు.

సున్నం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, చర్మం మండుతుంది, కంట్లో పడితే చాలా ప్రమాదం. వంటసోడా చాలు. పాత చొక్కాలు వేయండి. పసుపు మరకకి సబ్బు పెడితే ఎర్రబడుతుంది, కంగారు పడొద్దు, ఉతికి ఎండలో ఆరేస్తే చాలావరకు పోతుంది. వెలుతురుకి ఈ రంగు నిలవదు కాబట్టి బొమ్మలు కూడా వెలిసిపోతాయి, వేసిన రోజే ఫోటో తీసి పెట్టుకోండి.

ముదిరిన బెండకాయలు పారేయకండి. అడ్డంగా కోస్తే ఐదు రేకుల పువ్వు అచ్చు వస్తుంది, సగానికి కోసిన ఉల్లిపాయతో వలయాలు వస్తాయి. పాత దిండు గలీబుల మీద అద్దించాం. పక్కనే అమ్మ కలంకారీ దుప్పటి పరిచి పెట్టాను. మచిలీపట్నం పక్కన పెడనలో చేసే అద్దకం కూడా ఇలా అచ్చులతోనే, కాకపోతే అవి టేకు చెక్క మీద చెక్కినవి. బట్టని ముందు కరక్కాయ కలిపిన నీళ్లలో నానబెడతారు. నల్లరంగేమో తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో ఊరబెట్టి చేస్తారు. తుప్పుతో రంగేంటి అత్తా అని మా మేనల్లుడు నమ్మలేదు. తుప్పు మేకులు వెనిగర్‌లో నానబెట్టి, ఆ నీళ్లు టీ డికాక్షన్‌లో పోయించాను. కళ్లముందే నల్లబడింది. కరక్కాయలోనూ టీలోనూ వగరు ఉంటుంది, అది ఇనుముతో కలిసి నలుపవుతుంది.

సాయంత్రం ఎండ తగ్గాక పిల్లల్ని ప్రకాశం బ్యారేజీకి తీసుకెళ్లాం. 1957లో కట్టిన బ్యారేజీ, 70 గేట్లు. కాసేపు ఊరికే చూడమన్నాను. తర్వాత సీతానగరం వైపు కూర్చుని వేశారు. ఏడేళ్ల మా బాబు కాగితం అడుగున ఒక అడ్డగీత గీసి, దాని మీద గేట్లు నిలబెట్టి, నీళ్ల లోపల ఉన్న చేపలన్నీ వేశాడు. "నీళ్లలో చేపలు పైకి కనపడవు కదరా" అని మా నాన్న అనబోతే ఆపాను. 1947లోనే విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే చిత్రకళా అధ్యాపకుడు పిల్లల బొమ్మలు వయసుతో ఎలా మారతాయో వివరంగా రాశారు. ఏడు నుంచి తొమ్మిదేళ్ల మధ్య పిల్లలు అందరూ నిలబడేందుకు ఒక నేలగీత గీస్తారు, కంటికి కనిపించేది కాక తమకి తెలిసింది వేస్తారు. నీళ్లలో చేపలున్నాయని వాడికి తెలుసు, వేశాడు.

తొమ్మిది దాటాక వేరే చిక్కు. నిజంలా రావాలని వాళ్లకే పట్టుదల మొదలవుతుంది, రాకపోతే నాకు బొమ్మలు రావు అనేస్తారు. పదేళ్ల మేనకోడలు రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం చింపేసింది. పెన్సిల్, రబ్బరు రెండూ తీసుకుని స్కెచ్‌పెన్ ఇచ్చాను. బ్యారేజీ మొత్తం వద్దు, ఒక్క గేటే చూసి వెయ్యమ్మా అన్నాను. ఆ గేటు మీద తుప్పు చారలు, పైన వాలిన కొంగ, అన్నీ వేసింది. ఈ వయసులోనే చాలామంది బొమ్మలు వదిలేస్తారు. వాళ్ల దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోండి, దయచేసి.

కొండపల్లి కూడా వెళ్లాం. తెల్లపొణికి అనే తేలిక చెక్కతో తల, చేతులు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తుంటే పిల్లలు నోరు మెదపకుండా చూశారు. అక్కడి బొమ్మల్లో కల్లు గీసేవాళ్లు, ఎడ్లబండి తోలేవాళ్లు, పనిచేసుకునే మనుషులు ఎక్కువ. ఇంటికొచ్చాక మన వీధిలో పనిచేసే ఒకరిని చేయండి అన్నాను. పాత పేపర్లు రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్లు పిండేసి, ఉడికించిన మైదా జిగురు కలిపితే బొమ్మలకి ముద్ద రెడీ. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేసే అలవాటుంది, అది విషం, పిల్లలు ముట్టే దాంట్లో వద్దు. బొమ్మల్ని బాగా ఎండబెడితే చాలు. ఎవరి బొమ్మ వాళ్లే చేశారు: చెరకురసం బండి, ఆటో డ్రైవర్, డాబా మీద బట్టలు ఆరేస్తున్న నాయనమ్మ.

బొమ్మ చూపించగానే 'ఇదేంటి' అనకండి, 'దీని గురించి చెప్పు' అనండి. వాళ్లు చెప్పింది వెనకాల తేదీ వేసి వాళ్ల మాటల్లోనే రాయండి. వచ్చే వీడియో పెడన నుంచి, అచ్చులు చెక్కేవాళ్లని అడగడానికి పిల్లలు ఇప్పుడే ప్రశ్నలు రాసుకుంటున్నారు. మీ పిల్లల కోసం అక్కడ ఏమైనా కనుక్కోమంటే చెప్పండి, అడుగుతాను. ఉంటానండి.